చీకటియే బంధువర్గమైన వేళ

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం కొబ్బరితోటలను నేలకూల్చింది. ఆ ఆదివారం మా ప్రార్థనామందిరంలో స్తుతికీర్తనలే పాడాము. ఒక్కరూ పైకి ఏడవలేదు. విశ్వాసి కన్నీరు పెట్టడం విశ్వాసానికే లోటని మాకు నేర్పినవారున్నారు. ఆ బోధ సరికాదని బైబిలులోని 88వ కీర్తన చదివిన ప్రతిసారీ నాకనిపిస్తుంది.

విలాప కీర్తనలలో చాలావాటికి చివర ఒక మలుపు ఉంటుంది. ‘ఎన్నాళ్లవరకు’ అంటూ మొదలైన 13వ కీర్తన సైతం ‘కీర్తించెదను’ అనే ముగుస్తుంది. ఎజ్రాహీయుడైన హేమాను రచించిన 88వ కీర్తనకు ఆ మలుపు లేదు. ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అన్న మాట దగ్గరే అది ఆగిపోతుంది. అయినా అతడు మొదటి వచనంలోనే ‘నాకు రక్షణకర్తవగు దేవా’ అని పిలిచాడు. మా వైపు చావింట్లో ఆడవారు రాగం తీసి ఏడ్చేటప్పుడు, పోయినవారిని వరసపెట్టి పిలుస్తూ, నన్నొదిలి ఎలా వెళ్లావని వారినే నిలదీస్తారు. హేమాను ఏడుపూ అటువంటిదే. తనను విడిచిపెట్టాడని ఎవరిమీద నింద వేస్తున్నాడో, రేయింబవళ్లు ఆ దేవునికే మొరపెట్టుకున్నాడు.

‘మృతులకు నీవు అద్భుతములు చూపెదవా?’, ‘సమాధిలో నీ కృపను ఎవరైన వివరింతురా?’ అని అతడు అడిగినవి లేదనే జవాబు తెలిసి అడిగిన ప్రశ్నలు. కీర్తన ముగిసేదాకా వాటికి బదులు రాదు. 22వ కీర్తనలోని ‘నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి?’ అన్న మొదటి మొరనే సిలువమీద తన మొరగా చేసుకున్న యేసు ఆ సమాధిలోకే దిగాడు. మూడవనాడు మగ్దలేనే మరియ సమాధి బయట నిలిచి ఏడుస్తూ ఉండగా, ఆమె ఎవరికోసం ఏడుస్తున్నదో ఆయనే ‘మరియా’ అని పిలిచాడు. చావింట మనం పిలుస్తాం, పోయినవారు పలకరు. అక్కడ పోయినవాడే ముందుగా పిలిచాడు. హేమాను ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబు అదొక్కటే.

ఆశకు మన బైబిలు వాడిన మాట నిరీక్షణ. వాడుకలో దానికి ఎదురుచూడటమని అర్థం. అపొస్తలుడైన పౌలు కూడా థెస్సలొనీకలోని విశ్వాసులను అసలే దుఃఖపడవద్దని అనలేదు, నిరీక్షణలేని వారివలె దుఃఖపడవద్దన్నాడు.

మొన్నటి గుడ్‌ఫ్రైడే రాత్రి మా మందిరంలో 88వ కీర్తనను చివరి వచనం వరకు చదివించి, వెంటనే పాట ఎత్తుకోకుండా ఊరుకున్నాము. వెనుక వరుసలో ఒక ముసలితల్లి ‘ప్రభువా, ఓ నాయనా’ అంటూ సన్నగా రాగం తీసింది. ఆమెను ఎవరూ ఆపలేదు.