స్కీట్‌లో రెడ్ డాట్: మౌంట్ నుంచి నాలుగో స్టేషన్ దాకా

స్కీట్ అంటే రెండు గూళ్ల నుంచి ఎగిరే మట్టి పళ్లేలను (క్లేలను) ఒక్కో స్టేషన్‌లో నిలబడి షాట్‌గన్‌తో పగలగొట్టే ఆట. రెడ్ డాట్ అంటే గురి కోసం అద్దంలో వెలుగు చుక్కను చూపించే సైటు. తుపాకి 12 బోర్ సెమీ ఆటో, 28 అంగుళాల బ్యారెల్, స్కీట్ చోక్ (పెల్లెట్లు ఎంత పరుచుకోవాలో నిర్ణయించే బ్యారెల్ కొన). తూటాలు 28 గ్రాముల 9 నంబరువి. సైటు మూత లేని చిన్న రిఫ్లెక్స్ రకం, చుక్క 8 ఎంఓఏ (కోణపు కొలత, లెక్క కింద ఉంది). మైదానం అమెరికన్ స్కీట్, అంటే తుపాకిని ముందే భుజానికి ఆన్చి క్లేని పిలవచ్చు. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) పోటీల్లో వెలుగిచ్చే సైట్లకు అనుమతి లేదు. హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఆ పోటీలకు తయారయ్యేవాళ్లకు ఇది సాధనలో తప్పు పట్టుకునే పనిముట్టే తప్ప పోటీ సరంజామా కాదు.

మౌంట్

రిసీవర్ (బ్యారెల్ వెనక ఉండే తుపాకి నడిమి భాగం) పైన స్క్రూ రంధ్రాలు ముందే ఉంటే సగం పని అయిపోయినట్టే. మాస్‌బర్గ్ 940 ప్రో టాక్టికల్ లాంటి వాటిలో సైటు నేరుగా కూర్చునే గాడి కూడా ఉంటుంది, చుక్క రిబ్‌కి (బ్యారెల్ పైన పొడుగునా ఉండే పట్టీకి) దగ్గరగా వస్తుంది. మా దాంట్లో రంధ్రాలు మాత్రమే ఉన్నాయి కాబట్టి ముందు రైలు (సైటును కూర్చోబెట్టే లోహపు పట్టీ), దాని మీద సైటు.

రైలు స్క్రూలు బిగించేముందు పొడవు చూసుకోవాలి. అర మిల్లీమీటరు ఎక్కువైనా కొన రిసీవర్ లోపలికి పొడుచుకొచ్చి బోల్ట్‌కి (లోపల ముందుకూ వెనక్కీ కదిలే భాగానికి) రాసుకుంటుంది. ఒక్కో స్క్రూ బిగించాక బోల్ట్‌ని చేత్తో మెల్లగా వెనక్కి లాగి చూస్తే ఏది అడ్డం పడుతోందో తెలిసిపోతుంది. రంధ్రాల్లో ఫ్యాక్టరీ నూనె ఉంటే థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) పట్టదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక, నీలం లాకర్ ఒక్క చుక్క వేసి, సైటు తయారీదారు చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించాలి. మా సైటుకి అది 15 ఇంచ్-పౌండ్లు. చేతి అంచనా మీద బిగిస్తే చిన్న స్క్రూల తలలు తెగుతాయి. చివర్లో స్క్రూ తల నుంచి సైటు మీదకు తెల్ల పెయింట్‌తో ఒక గీత గీస్తే, స్క్రూ వదులైన రోజు గీత విరిగి కనిపిస్తుంది.

చెంప ఎత్తు

చాలామంది సైటు కొని ఇక్కడే వదిలేస్తారు. రైలు, సైటు కలిసి చుక్కని రిబ్ కన్నా రెండు మూడు సెంటీమీటర్లు పైకి తీసుకెళ్తాయి. బీడ్‌కి (బ్యారెల్ కొన మీద గురి కోసం ఉండే చిన్న పూసకి) సరిపోయే స్టాక్ మీద అప్పుడు చెంప ఆనదు, గడ్డం ఆనుతుంది. తల గాల్లో ఉంటే ప్రతి షాట్‌కీ కన్ను ఒక్కో చోట ఉంటుంది. కోంబ్ (స్టాక్‌లో చెంప ఆనే పై అంచు) మీద ఫోమ్ పొరలు 3 మి.మీ. చొప్పున పెంచుకుంటూ పోవాలి. కళ్లు మూసుకుని తుపాకి ఆన్చి, తెరవగానే చుక్క అద్దంలో కనిపించేదాకా ఇదే పని. తుపాకి ఖాళీగా ఉందని చాంబర్‌లో వేలు పెట్టి చూసుకున్నాకే.

చుక్క కనిపించకపోతే తుపాకిని అటూ ఇటూ తిప్పి వెతకొద్దు. తల ఎత్తితే చుక్క అద్దం పై అంచుకి పోయి మాయమవుతుంది, మరీ కిందికి నొక్కితే కింది అంచుకి. కన్ను కుడికి జరిగితే కుడి అంచుకి. చుక్క ఎటు పోయిందో చూస్తే సర్దుకోవాల్సింది ఏదో తెలుస్తుంది. బీడ్‌తో ఈ సమాచారం ఇంత స్పష్టంగా రాదు.

అలాగని చుక్క అద్దం నడిమధ్యలోనే ఉండాలని పట్టుబట్టక్కర్లేదు. ఒక మూల ఉన్నా 20 మీటర్ల దూరంలో వచ్చే తేడా ఒక సెంటీమీటరు అటూ ఇటూ. 75 సెం.మీ. వెడల్పున పరుచుకునే పెల్లెట్ల ముందు అదో లెక్కా?

జీరో

జీరో అంటే పెల్లెట్లు పడే చోటికి చుక్కను సరిపెట్టడం. మీటరున్నర చదరం కాగితం, మధ్యలో 5 సెం.మీ. నల్ల స్టిక్కర్, దూరం 20 మీటర్లు. ఇసుక బస్తా మీద ఆనించకుండా, ఆడేటప్పుడు ఎలా నిలబడతామో అలాగే నిలబడి కాల్చాలి. ఒకే కాగితం మీద మూడు తూటాలు పడ్డాక పెల్లెట్ల గుంపు మధ్య ఎక్కడుందో చూడాలి. ఒక్క తూటా చూసి తిప్పితే మళ్లీ వెనక్కి తిప్పుకోవాల్సి వస్తుంది.

1 ఎంఓఏ అంటే 100 మీటర్ల దగ్గర 2.9 సెం.మీ., 20 మీటర్ల దగ్గర 6 మి.మీ. కన్నా కాస్త తక్కువ. సైటు సర్దే స్క్రూ ఒక్కో క్లిక్కు 1 ఎంఓఏ అయితే 10 సెం.మీ. జరపడానికి 17 క్లిక్కులు. రైఫిల్ అలవాటున్నవాళ్లు రెండు మూడు క్లిక్కులు తిప్పి ఏమీ మారలేదంటారు, మారేంత తిప్పలేదు మరి.

గుంపు మధ్య చుక్క కన్నా 5 సెం.మీ. పైన పడేలా ఉంచాం. అలా ఉంటే క్లేని చుక్క కింద కప్పెయ్యకుండా, చుక్క పైన దాన్ని చూస్తూ కాల్చవచ్చు. తూటా రకం మార్చితే ఇదంతా మళ్లీ సరిచూసుకోవాలి.

స్టేషన్ల వరస

మొదలు 7వ స్టేషన్‌లో ‘లో హౌస్’, అంటే కుడివైపు తక్కువ ఎత్తు గూటి నుంచి వచ్చే క్లే. క్లే దాదాపు సూటిగా దూరం పోతుంది, లీడ్ (కదిలే క్లేకి ముందు గురి పెట్టే దూరం) అక్కర్లేదు, చుక్క క్లే కింది అంచుకి తగిలితే చాలు. జీరో తప్పుంటే ఇక్కడే బయటపడుతుంది. తర్వాత 1వ స్టేషన్‌లో ‘హై హౌస్’, అంటే ఎడమవైపు ఎత్తు గూటి నుంచి వచ్చే క్లే. అది తల మీదుగా వచ్చి దిగుతూ పోతుంది కాబట్టి చుక్క క్లేకి ఓ జానెడు కింద. ఈ రెండూ వరసగా పగిలాకే 2, 6, ఆపైన 3, 5, చివరికి 4.

అసలు కథ నాలుగో స్టేషన్‌లోనే. క్లే 19.2 మీటర్ల దూరంలో అడ్డంగా పోతుంది, లీడ్ సుమారు 1.2 మీటర్లు. మన సైటు అద్దం వెడల్పు 25 మి.మీ., కంటికి 30 సెం.మీ. దూరం. లెక్క వేస్తే 20 మీటర్ల దగ్గర ఆ అద్దంలో చుక్కకి అటు 80, ఇటు 80 సెం.మీ. మాత్రమే పడుతుంది. అంటే సరైన లీడ్ పెట్టినప్పుడు క్లే అద్దంలో ఉండదు, ఫ్రేమ్ బయట ఉంటుంది! క్లేని అద్దంలోంచే చూడాలనుకుంటే లీడ్ ఎప్పుడూ చాలదు, షాట్ వెనకే పోతుంది. రెండు కళ్లూ తెరిచి, చూపు క్లే ముందు అంచు మీదే పెట్టి, చుక్కని పక్కచూపులో ఉండనివ్వాలి. చుక్క ప్రతిబింబం దూరాన ఉన్నట్టే కనబడుతుంది కాబట్టి దాని కోసం కన్ను ఫోకస్ మార్చుకోనవసరం లేదు. బీడ్ మీద చుక్కకున్న అసలు లాభం ఇదే.

32 ఎంఓఏ వలయం ఉన్న సైట్లు షాట్‌గన్‌కి మంచివని ఎక్కువమంది చెబుతారు. సూటి క్లేలకు నిజమే. 20 మీటర్ల దగ్గర వలయం 19 సెం.మీ., క్లే 10.8 సెం.మీ., చక్కగా ఇముడుతుంది. అడ్డంగా పోయే క్లేకి ఆ ఇముడ్చుకునే అలవాటే చేటు. క్లే వలయంలో ఉందంటే లీడ్ సున్నా అన్నమాట. మా ఓటు పెద్ద చుక్కకే.

కన్ను చుక్క మీదకి దూకిన క్షణంలో తుపాకి ఆగిపోతుంది. దానికి ముఖ్య కారణం చుక్క వెలుగు ఎక్కువ కావడం. క్లే పగలాల్సిన చోటి ఆకాశం వైపు తిప్పి, చుక్క కనీకనబడని స్థాయికి తగ్గించి, అక్కణ్నుంచి ఒక్క మెట్టు పెంచాలి. ఆటో వెలుగు నమ్మదగింది కాదు. షెడ్డు నీడలో నిలబడి ఎండలోని క్లేని కొడుతుంటే అది నీడని బట్టే చుక్కని మందగిస్తుంది. ఆస్టిగ్మాటిజం (ఒక రకం చూపు లోపం) ఉన్నవాళ్లకు చుక్క తోకచుక్కలా సాగి కనిపిస్తుంది. వెలుగు తగ్గిస్తే కొంత నయం, కళ్లజోడుతో ఇంకొంత. వాన తుంపర ఎల్ఈడీ మీద పడితే ఒక చుక్క నాలుగవుతుంది, జేబులో పొడి గుడ్డ ఉండాలి.

ప్రస్తుతం 3, 5 స్టేషన్లు నిలకడగా ఉన్నాయి. నాలుగులో హై హౌస్ వచ్చినంత బాగా లో హౌస్ రావడం లేదు. కుడిచేతివాళ్లకు లో హౌస్ క్లే కుడి నుంచి ఎడమకి వస్తుంది. ఊపులో భుజం ముందుకు తోసుకొచ్చి చెంప స్టాక్‌కి మరీ అదిమినట్టవుతుంది, చుక్క అద్దంలో కిందకి జారుతోంది. పాదాలను క్లే పగిలే చోటుకి ఎదురుగా పెట్టి, నడుం నుంచి తిరిగితే జారడం తగ్గింది. తర్వాత చేయాల్సింది, స్టాక్ వెనక అంచు నడుం దగ్గర ఉంచి క్లేని పిలవడం. అప్పుడు తుపాకి భుజానికి చేరేసరికే క్లే సగం దూరం వచ్చేస్తుంది. చుక్క అప్పటికీ అద్దంలో దొరుకుతుందా లేదా అన్నదాన్ని బట్టి ఫోమ్ ఇంకో పొర వెయ్యాలో, ఒకటి తీసెయ్యాలో తేలుతుంది.