ఎలక్ట్రిక్ పికప్‌తో పని నడుస్తుందా?

లాగే బలం గురించి బెంగ అక్కర్లేదు. మోటారు మొదటి కదలికనుంచే పూర్తి టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఇస్తుంది. చిక్కంతా దూరంతోనే.

ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్ అనే ఎలక్ట్రిక్ పికప్‌నే తీసుకోండి. 131 కిలోవాట్ అవర్ బ్యాటరీ, ఖాళీ బండికి అధికారిక రేంజ్ (నిండా చార్జ్ చేస్తే వెళ్లే దూరం) 320 మైళ్లు, అంటే సుమారు 515 కిలోమీటర్లు. వెనక ఎత్తైన పెట్టె ట్రెయిలర్ తగిలించి హైవే ఎక్కితే అది దాదాపు సగానికి పడిపోతుంది. దారిలో ఫాస్ట్ చార్జింగ్ 10 నుంచి 80 శాతం వరకే లాభసాటి, ఆపైన బాగా నెమ్మదిస్తుంది. కాబట్టి ఆగిన ప్రతిసారీ చేతికొచ్చేది 180 కిలోమీటర్లే. ఇక్కడ బరువుకన్నా గాలి నిరోధకతే పెద్ద శత్రువు: అదే బరువున్న చదునైన ట్రెయిలర్ చాలా తక్కువ తింటుంది, వేగం తగ్గిస్తే ఇంకా కలిసొస్తుంది. చాలా చార్జర్ల దగ్గర ట్రెయిలర్ విప్పితేగానీ బండి పట్టదు. అదో తలనొప్పి.

ట్రెయిలర్ తగిలించే కొక్కెం, అంటే హిచ్ మీద పడే భారం (ట్రెయిలర్ బరువులో 10–15 శాతం) కూడా పేలోడ్, అంటే బండి మోయగలిగే బరువు లెక్కలోకే వస్తుంది. ఆ పరిమితి రాసున్న, డ్రైవర్ తలుపు పక్కనున్న స్టిక్కర్ చూడకుండా సామాను ఎక్కించొద్దు.

రోజూ 100 కిలోమీటర్లలోపు తిరిగి, రాత్రికి షెడ్డులో చార్జింగ్ పెట్టుకునేవాళ్లకు మాత్రం డీజిల్ కంటే ఇదే మేలు. పైగా బండిలోనే 9.6 కిలోవాట్ల వరకు కరెంటు ఇచ్చే ప్లగ్గులుంటే జనరేటర్ అక్కర్లేదు. 1.5 కిలోవాట్ల రంపం ఆపకుండా నాలుగు గంటలు తిప్పినా బ్యాటరీలో 5 శాతం కూడా ఖర్చవదు.