అరకు రైల్లో పెండింగ్ కబుర్లు

ప్రాజెక్టు లైవ్‌లోకి వెళ్లాక కంటినిండా నిద్రపోయి, లేచి అక్కకి ఫోన్ చేశాను. "బతికే ఉన్నావన్నమాట" అంది. ఎక్కడికైనా వెళ్దామా అంటే, "సిగ్నల్ సరిగ్గా రాని చోటికైతే వస్తా" అంది. అలా విశాఖపట్నంలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలెక్కాం, అరకు దాకా.

అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీలో టికెట్లు దొరకలేదు. అదే మంచిదయింది. మామూలు బోగీలో కిటికీ తెరుచుకుంటుంది, గాలి మొహాన కొడుతుంది.

ఈ లైను మనలాంటి షికారువాళ్ల కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి పంపడానికి 1960లలో వేశారు. అందుకే ఇప్పటికీ గూడ్సు బళ్ల హడావిడే ఎక్కువ. మా బండిని ఒకచోట చాలాసేపు ఆపేశారు. ఖనిజం బోగీలు ఒక్కొక్కటే వెళ్తుంటే ఎవరూ విసుక్కోలేదు, నాతో సహా. నెలల తరబడి ఫైల్ అప్‌లోడ్ రెండు సెకన్లు ఆలస్యమైతే ఒళ్లు మండిపోయినదాన్ని.

శివలింగపురం దాటాక కొండెక్కడం మొదలైంది, దాంతోపాటు సొరంగాలు. మొత్తం లైన్లో యాభైకి పైగా ఉన్నాయంటారు. సొరంగం రాగానే పిల్లలంతా ఒక్కసారిగా కేకలు పెడతారు, చక్రాల మోత రెట్టింపవుతుంది, పక్కమనిషి మాట కూడా వినబడదు. అక్క ఇంటి సంగతులు చెబుతూ సొరంగం రాగానే ఆగిపోయేది, వెలుతురు పడగానే సరిగ్గా ఆపిన మాట దగ్గర్నుంచి అందుకునేది. "పిన్నికి మోకాలి ఆపరేషన్ అయ్యాక..." చీకటి. "...ఇప్పుడు మెట్లెక్కుతోంది."

"ఆపరేషనా? నాకు చెప్పలేదేం?"

"చెప్పాను. బొటనవేలి బొమ్మ పంపావు."

మళ్లీ సొరంగం వచ్చింది. ఆ చీకట్లో ఇద్దరం నవ్వుకున్నాం.

శిమిలిగుడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్ మీద అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్‌గా ఒకప్పుడు దానికి పేరు. కశ్మీర్ రైలు వచ్చాక ఆ పేరు పోయింది. అక్కడి నుంచి అరకు కాసేపే.

గదిలో దిగాక నా ఫోన్లోని జాబితా అక్కకి చూపించాను: పంటి డాక్టరు, ఇన్సూరెన్స్ నామినీ, ఫోన్ చేయాల్సిన స్నేహితులు, చెప్పని పుట్టినరోజు శుభాకాంక్షలు, ఆల్బమ్ చేయాల్సిన ఫొటోలు. పక్కన తేదీలు, ప్రాధాన్యాలు కూడా వేసి ఉంచాను. "ఇదీ ఆఫీసు పనిలాగే ఉంది కదే" అంటూ ఫోన్ లాక్కుని సగం కొట్టేసింది. ఆలస్యంగా శుభాకాంక్షలు ఎవరికీ అక్కర్లేదు, ఊరికే మాట్లాడితే చాలంది. ఫొటోలు ఎక్కడికీ పోవంది. మనుషులు, ఒళ్లు, సంతకం పెట్టాల్సిన కాగితాలు, ఈ మూడే మిగిల్చింది.

పక్కన పడేస్తేనే సేద తీరుతుందని ఫోన్ మీద దండెత్తేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆ సాయంత్రం నాకు ఫోనే పనికొచ్చింది. కాలేజీ స్నేహితురాలికి చేశాను. ఇన్నాళ్లూ ఏమైపోయావని అడుగుతుందేమోనని సంజాయిషీ సిద్ధం చేసుకున్నాను. అది అడగనే లేదు. కొత్తింట్లో డాబా మీద మొక్కలకి కోతుల బెడద గురించి గంటసేపు చెప్పింది. అంత హాయిగా నేను విన్న కబురు ఈమధ్య ఇంకోటి లేదు.

అక్క నర్సు. బ్యాగులో బీపీ మిషన్ లేకుండా ఊరెళ్లదు. రాత్రి పట్టీ చుట్టింది. పైది 146 చూపించింది. "ఒక్కసారి చూస్తే ఏమీ తేలదు. వారంపాటు రెండు పూటలా చూసి రాసుకో" అంది. తర్వాత క్లాసు పీకింది: వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకి, 35-40 గంటలు చేసేవాళ్లకన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో లెక్క తేల్చాయట. నా గంటలు ఎన్నో అడిగింది. నేను టాపిక్ మార్చాను. ఊరుకోలేదు.

మర్నాడు తిరుగుదారిలో బొర్రా గుహలు చూశాం. సున్నపురాయి మీదుగా బొట్టుబొట్టుగా నీళ్లు కారి తయారైన ఆకారాలు. ఇలాంటివి మామూలుగా ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు చొప్పున పెరుగుతాయి. ఆ లెక్క చెబితే అక్క "మీ ఆఫీసులో అయితే డెడ్‌లైన్ అడుగుతారు" అంది. మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చింది నాకే, అక్కకి కాదు.

అనంతగిరి ఘాట్ దిగాక బస్సులోంచే డాక్టరు అపాయింట్‌మెంట్‌కి ఫోన్ చేశాం. శనివారం ఖాళీ లేదట, మంగళవారం పదకొండింటికి రమ్మన్నారు. సరిగ్గా ఆ టైముకి నాకు రివ్యూ మీటింగ్ ఉంది.

"వాయిదా వెయ్యమను" అంది అక్క.

వేయించాను.