క్రేన్ వచ్చింది కదా, ఇంకేం టెన్షన్ అనుకోకండి

ఒకవైపు ఇల్లు, ఇంకోవైపు కరెంటు తీగలు, పెద్ద చెట్టును మొదలుకంటా నరికి పడేసేంత ఖాళీ లేనప్పుడు క్రేన్‌తో పైనుంచి ముక్కలుగా దించుకోవడమే మేలు. కానీ చిక్కంతా బరువు దగ్గరే. పచ్చి కలప ఘనపు మీటరుకు సుమారు 1000 కిలోలు అనుకుంటే 60 సెంటీమీటర్ల అడ్డుకొలత, 3 మీటర్ల పొడవున్న మొద్దు దాదాపు 850 కిలోలు తూగుతుంది, కొమ్మలూ ఆకులూ వేరే.

"ఇది 20 టన్నుల బండి సార్, ఏం కాదు" అంటారు చూడండి, ఆ మాట నాకస్సలు నచ్చదు. ఆ 20 టన్నులు బూమ్ (క్రేన్ పొడవాటి చేయి) దగ్గరగా ఉన్నప్పుడే, దూరం చాచేకొద్దీ మోసే శక్తి బాగా పడిపోతుంది, అందుకే లోడ్ చార్ట్ (ఎంత దూరంలో ఎంత బరువు ఎత్తొచ్చో చెప్పే పట్టిక) చూడకుండా హుక్ తగిలించకూడదు. హుక్కు, ముక్కకు కట్టే బెల్టుల బరువూ ఆ లెక్కలోదే. రెండు బెల్టులు వేసి అవి నేలకు 30 డిగ్రీల కోణంలోకి వాలిపోయాయా, ఒక్కోదాని మీద సగం కాదు, మొత్తం బరువంత లాగుడు పడుతుంది.

ఇక కోత. కోయబోయే ముక్క బరువుకు సరిపడా మాత్రమే బెల్టు బిగించాలి. ఎక్కువ లాగితే తెగగానే పైకి ఎగురుతుంది, వదులుగా ఉంటే జారి ఒక్కసారిగా కుదుపిస్తుంది, ఆ కుదుపు అసలు బరువు కంటే చాలా ఎక్కువ. రంపం పట్టినవాడు ముక్క ఊగే దారిలో ఉండకూడదు, ఆపరేటర్‌కు సైగ చేసేది ఒక్కరే (ఆపమని మాత్రం ఎవరైనా అరవొచ్చు). గాలి లేచిందా, పని ఆపేయడమే.