ఐదో మంగలికత్తి: మళ్లీ తుప్పు

నాలుగు ఆదివారాలు కూర్చుని అద్దంలా తోమిన కత్తి. మూడోరోజు పొద్దున్న చూస్తే అంచు మీద ఆవగింజంత నారింజరంగు చుక్క! గీసుకున్నాక తుడిచి బాత్రూమ్‌ అలమరలో పెట్టానంతే. సముద్రపు గాలి తగిలే విశాఖ పెదవాల్తేరులో ఉంటూ ఆ పని చేయడం నాదే బుద్ధి తక్కువ.

ఈ కత్తి పూర్ణా మార్కెట్ దగ్గర పాతసామాన్ల కొట్టులో దొరికింది. రెండొందలు చెప్పి నూట యాభైకి ఇచ్చాడు. "దీంతో ఏటి సేస్తావు బాబూ?" అన్నాడు. గడ్డం గీసుకుంటానంటే నమ్మలేదు. తుప్పు గీరితే మెడ దగ్గర 'సోలింగెన్, జర్మనీ' అని అక్షరాలు తేలాయి.

కొనేముందు నేను చూసేది అంచే. వీపు మీద, అంటే అంచుకి ఎదురుగా ఉండే మందపు వైపున, ఎంత తుప్పున్నా సరే, అంచు పక్కన గుంటలుంటే వదిలేస్తాను. నూరేకొద్దీ అక్కడ పెచ్చులు లేస్తాయి. మూడో కత్తి అలాగే పోయింది.

రివెట్లు ఆకురాయితో రాసి పిడి ఊడదీశాను. పిడి గేదెకొమ్ము, ఎండి బీటలు వారబోతోంది. బేబీ ఆయిల్లో వారం నానాక నలుపు తేలింది. బ్లేడుకి 400 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 600, 1000, 2000, ఆఖర్న బ్రాసో. కాగితాన్ని పాత హవాయి చెప్పు ముక్కకి చుట్టి రుద్దితే బ్లేడు ఒంపులోకి బాగా వెళ్తుంది. మోటారు చక్రం జోలికి మాత్రం పోను. ఉక్కు వేడెక్కి నీలం తిరిగిందంటే ఇక పదును నిలవదు.

నూరేటప్పుడు వీపుకి ఒక వరస ఇన్సులేషన్ టేపు. సానరాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, అవి పూర్తిగా చెరిగేదాకా రాయిని చదును చేయాలి. నేను బద్ధకించి ఆ పని మానేస్తే 1000 రాయి మీదే గంటన్నర పట్టింది. తర్వాత ఇంకా నునుపైన 5000, 8000, 12000 నంబరు రాళ్లు త్వరగానే అయ్యాయి. చివర తోలుపట్టీ మీద అరవైసార్లు, అంచు వెనక, వీపు ముందు.

మా వీధి సెలూన్ పెద్దాయనకి చూపించాను. ఎయిడ్స్ భయం వచ్చాక ఆయన మనిషికొకటి వాడి పారేసే సగం ముక్క బ్లేళ్లకి మారిపోయాడట. అరచేతి మీద రెండుసార్లు తిప్పి, మణికట్టు వెంట్రుకలు గీసి చూసుకుని, "మడమ దగ్గర ఇంకా మొద్దుగుంది నాయనా" అన్నాడు. మడమంటే పిడి వైపు అంచు చివర. నిజమే. అక్కడే నా టేపు అరిగిపోయి ఉంది.

చుక్క పోవడానికి మళ్లీ 8000 రాయి ఎక్కించాను. ఇప్పుడు గీసుకోగానే టిష్యూతో తుడిచి, ఫ్యాను గాలికి ఆరబెట్టి, కుట్టుమిషన్ నూనె పట్టించి స్టీలు డబ్బాలో పెడుతున్నాను. డబ్బాలో చెప్పుల పెట్టెల్లో వచ్చిన సిలికా జెల్ పొట్లాలు. తోలు సంచి చూడటానికి బాగుంటుంది గానీ తేమ పట్టేస్తుంది, వద్దు.

నేటికి పదకొండు రోజులు, చుక్క లేదు. గడ్డం కింద ఎదురు గీత గీయడానికి మాత్రం చెయ్యి ఇంకా వణుకుతోంది.