ఒక మనిషి కాళ్ళు చూడ్డానికి బెల్జియం దాకా

బుధవారం వారెగెమ్‌లో జరిగింది చూశాక నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. డ్వార్స్ డోర్ ఫ్లాండరెన్ అనే సైకిల్ రేసు చివర్లో నలుగురే మిగిలారు. అందులో ముగ్గురు ఒకే జట్టు వాళ్ళు: వౌట్ వాన్ ఆర్ట్, టీష్ బెనోట్, మత్తెయో జోర్గెన్సన్. నాలుగోవాడు అమెరికన్ నీల్సన్ పౌలెస్, ఒంటరివాడు. ముగ్గురూ వంతులేసుకుని అతన్ని విసిగించాల్సింది పోయి, స్ప్రింట్‌లో వాన్ ఆర్ట్‌కి తిరుగులేదని నమ్మి ముగింపు గీత దాకా అందరూ కలిసే వచ్చారు. గీత దగ్గర పౌలెస్ దాటేసి వెళ్ళిపోయాడు.

వాన్ ఆర్ట్ అంటే నాకు చాలా ఇష్టం. 2024లో ఇదే రేసులో పడి కాలర్‌బోన్, రొమ్ము ఎముక, పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు. ఆ ఏడాది రోండె (మనం టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ అంటాం), పారిస్-రూబే, రెండు పెద్ద రేసులూ పోయాయి. 2025లోనైనా అన్నీ సక్రమంగా జరగాలని నేను ఏడాది పొడుగునా ఎదురుచూశాను. తీరా చూస్తే మార్చి 22న ఇటలీలో జరిగే మిలాన్-సాన్ రెమో రేసుకే రాలేదు. ఆ టైములో తెనెరీఫే దీవిలో తేయిదే కొండ మీద శిక్షణలో ఉన్నాడు. నా కోపమంతా అక్కడే మొదలైంది. ఆదివారం రోండె టీవీలో కాదు, దగ్గరుండి చూడాలనిపించింది. ఆ కాళ్ళు ఎలా ఉన్నాయో కళ్ళారా చూడాలి.

శనివారం ఐండ్‌హోవెన్ నుంచి యాంట్వర్ప్ మీదుగా గెంట్. దారి గురించి చెప్పడానికేమీ లేదు. గెంట్‌లో గది గురించి మాత్రం చెప్పాలి. మామూలు వారాంతంలో ఇచ్చే రేటుకి రెట్టింపు తీసుకుని, కిటికీ వెనక గోడ ఉన్న గది ఇచ్చారు. పొద్దున టిఫిన్‌కి వేరే డబ్బులు. హోటల్ మెట్ల మీదంతా బురద టైర్ల గుర్తులు, సైకిళ్ళు మోసుకెళ్ళే జనం. రోండెకి ముందురోజు మామూలు జనం కూడా అదే దారిలో తొక్కుతారు. వేలమంది వస్తారు.

ఆదివారం పొద్దున్నే ఊడెనార్డె రైలు. నిలబడ్డానికి కూడా ఒంటికాలి చోటే. పసుపు మీద నల్ల సింహం ఉన్న జెండాలు ముఖానికి తగులుతున్నాయి. ఊడెనార్డెలో దిగి స్కెల్డె నది గట్టు వెంట, రేసు దారిలో ఉన్న ఔడ క్వారెమోంట్ అనే కొండ దాకా నడిచాను. పది కిలోమీటర్లకి పైనే ఉంటుంది. ఏప్రిల్ ఎండ చూడ్డానికే ఉంది గానీ గాలి చెవులు కోసేస్తోంది. పైన మంచినీళ్ళు కొందామంటే డబ్బులు తీసుకోరు, ముందు ఇంకో క్యూలో నిలబడి టోకెన్లు కొనాలి. అవి కూడా విడిగా ఇవ్వరు. మిగిలిన టోకెన్లకి డబ్బులు వెనక్కి రావు. తిరునాళ్ళలో చెరుకురసం కొట్టువాడు కూడా ఇంత అన్యాయం చేయడు.

క్వారెమోంట్ 2.2 కిలోమీటర్ల ఎక్కుడు. సగటు వాలు 4 శాతమే, నిటారుగా ఉన్నచోట 11.6. అంకెలు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే రాళ్ళు ఒకదానికొకటి సంబంధం లేనట్టు ఉన్నాయి, మధ్య సందుల్లో బొటనవేలు పడుతుంది. 269 కిలోమీటర్ల రేసులో మగవాళ్ళు దీన్ని మూడుసార్లు ఎక్కాలి. మూడోసారికి గీత ఇంకా 18 కిలోమీటర్లే ఉంటుంది.

ఊరు దాటాక కంచె పక్కన కాస్త చోటు దొరికింది. నా పక్కన ఒక పెద్దాయన మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. ఒళ్ళో గళ్ళ నోటుబుక్కు, చెవి మీద పెన్సిల్. నేను పులిహోర డబ్బా తీసి కొంచెం పెట్టాను. ఆవాలు ఒక్కొక్కటీ నమిలి చూసి, బాగుందని తలూపి, ఆ తర్వాత నోటుబుక్కు నా వైపు తిప్పాడు.

ఒక్కో రైడర్‌కి ఒక్కో వరస, ఒక్కో రోజుకి ఒక్కో గడి. రేసు ఆడిన రోజు నిండు చుక్క, గెలిస్తే చుక్క చుట్టూ సున్నా. జబ్బు చేస్తే ఇంటూ గుర్తు. కొండ మీద శిక్షణ రోజులకి చిన్న త్రిభుజం. పేపర్లలో వచ్చినవన్నీ చూసి చలికాలం నుంచి నింపుతాడట.

డచ్ రైడర్ మాతియూ వాన్ డర్ పూల్ వరస ఇలా నడిచింది. బురదలో సైక్లోక్రాస్, ఫిబ్రవరి 2న లియెవాఁలో ఏడో ప్రపంచ టైటిల్, మార్చి 4న ల సామెన్ గెలుపు, తర్వాత ఇటలీలో వారం రోజుల తిరెనో, సాన్ రెమో గెలుపు, బెల్జియంలో ఇ3 అనే రేసు గెలుపు. ఆ తర్వాత వారం ఖాళీ. డెన్మార్క్ రైడర్ మాడ్స్ పెడర్సన్ వరసలో ఖాళీ గళ్ళే తక్కువ: పారిస్-నీస్, సాన్ రెమో, ఇ3లో రెండో స్థానం, రెండు రోజులకే గెంట్-వెవెల్గెమ్‌లో ఒంటరిగా వచ్చి గెలుపు. స్లోవేనియా రైడర్ తాదెయ్ పొగాచర్ వరసలో చుక్కలు చాలా తక్కువ, అయినా సున్నాలు ఉన్నాయి. సాన్ రెమోలో మూడో స్థానం వచ్చాక ఈ ఆదివారం దాకా ఒక్క రేసూ లేదు.

వాన్ ఆర్ట్ వరసలో మార్చి చాలావరకు త్రిభుజాలే.

"ఇదే కదండీ తప్పు" అన్నాను.

"తప్పని ఎవరు చెప్పారు మీకు?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు.

ఆయన చెప్పింది ఇది. రెండు వేల మీటర్ల పైన పడుకుంటే గాలిలో ఆక్సిజన్ అందక ఒళ్ళు ఎర్ర రక్తకణాలు ఎక్కువ తయారుచేసుకుంటుంది. దానికి రెండు మూడు వారాలు పడుతుంది. దిగిన కొత్తలో కాళ్ళు బరువుగా ఉండొచ్చు. లాభం తర్వాత తెలుస్తుంది. ఇ3లో వాన్ ఆర్ట్ మొదటి పదిమందిలో లేకపోవడానికి ఆయన లెక్కలో కారణం అదే. "ఆరో గంటలో చూడండి. మొదటి నాలుగు గంటల్లో ఎవరైనా బాగానే కనిపిస్తారు."

నా వాదన వేరు. కొండ మీద దొరకనిది ఒకటుంది. గుంపులో భుజాలు రాసుకుంటూ రాళ్ళ దారి మొదట్లోకి ముందుగా చేరడం, ఊపిరి అందకముందే ఇంకో దాడికి లేవడం. ఇరవై సెకన్ల దూకుడు, మళ్ళీ ఇరవై సెకన్ల దూకుడు. ఆ పదును రేసులోనే వస్తుంది.

ఇలా వాదిస్తుంటే నాకు మా మావయ్య గుర్తొచ్చాడు. అద్దంకి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో ఆయన బండలాగుడు పోటీలకి ఒంగోలు గిత్తలు మేపేవాడు. ఉడికించిన ఉలవలు, చెరువులో ఈత, పొద్దున్నే ఇసుకలో నడక. సంక్రాంతికి పక్క ఊళ్ళోనే పోటీ, ఊరంతా కట్టమని అడిగినా కదిలేవాడు కాదు. "ఉగాదికి అందాలి ఇవి, ఇప్పుడు కట్టి చెడగొట్టుకోను" అనేవాడు. అయితే ఉగాదికి నెలముందు చిన్న పోటీకి ఒకసారి తీసుకెళ్ళేవాడు. జనం అరుపులు, డప్పులు విన్న గిత్తే మైదానంలో బెదరకుండా లాగుతుందని. ఈ ముక్క పెద్దాయనకి చెప్పాను. శ్రద్ధగా విని, గిత్తల దంతాలు చూసి వయసు కడతారంటే, పెన్సిల్ తీసి నోటుబుక్కు వెనక అట్ట మీద రాసుకున్నాడు.

మొదటి ఎక్కుడులో ఎవరూ తొందరపడలేదు. హెలికాప్టర్ చప్పుడు, మోటార్‌సైకిళ్ళు, తర్వాత గుంపు. టీవీలో ఎప్పుడూ వినపడనిది ఒకటి విన్నాను. రాళ్ళ మీద గొలుసులు ఫ్రేములకి కొట్టుకునే శబ్దం. వంద మందికి పైగా వెళ్తున్నా ఒక్కరూ మాట్లాడరు. మాకు పది గజాల పైన ఒక జట్టు సహాయకురాలు రెండు చేతుల్లో సీసాలు ఎత్తి పట్టుకుని నిలబడింది. ఒక్కో సీసా మెడకి టేపుతో ఒక జెల్ ప్యాకెట్ అంటించి ఉంది. గంటకి వంద గ్రాములకి పైగా పిండిపదార్థం కడుపులోకి పోకపోతే ఆ ఆరో గంట ఉండదు. ఆవిడ చేతిలోంచి సీసా లాక్కున్నవాడి వేళ్ళు చలికి ఎర్రగా కమిలి ఉన్నాయి.

రెండో ఎక్కుడు నేను చూడ్డానికి వచ్చింది. గుంపు చీలిపోయింది. పొగాచర్ కూర్చునే తొక్కుతున్నాడు, నడుం పైభాగం కదలడం లేదు. వాన్ డర్ పూల్ అంతకుముందే ఎక్కడో పడ్డాడని చుట్టుపక్కల అనుకుంటున్నారు, అయినా వెనకే ఉన్నాడు. వాన్ ఆర్ట్ కోసం వెతుకుతుంటే పెద్దాయన నా మోచెయ్యి పట్టుకుని "భుజాలు చూడండి" అన్నాడు. చూశాను. భుజాలు నిలకడగానే ఉన్నాయి. మోకాలు దించే ప్రతిసారీ తొడ మీద నరం లేచి కనపడుతోంది. ఒంట్లో శక్తి ఉంది. ముందున్నవాళ్ళు లేచినప్పుడు మాత్రం ఇతను ఒక్క క్షణం ఆగి లేస్తున్నాడు. ఆ క్షణంలో రెండు సైకిళ్ళ ఎడం వచ్చేస్తోంది. మా ఇద్దరి వాదనా ఆ ఒక్క మనిషిలోనే కనపడింది.

మూడోసారి పొగాచర్ ఒక్కడే వచ్చాడు. వెనక వాన్ డర్ పూల్ మా కళ్ళముందే జారిపోయాడు. నాకు ఒళ్ళు జలదరించింది. అంతకుముందు జులైలో టూర్ ద ఫ్రాన్స్ గెలిచినవాడు ఏప్రిల్‌లో ఈ రాళ్ళ మీద ఇలా తొక్కకూడదు. మిగిలిన 18 కిలోమీటర్లూ ఒంటరిగా వెళ్ళి, నిమిషం తేడాతో గెలిచాడు. పెడర్సన్ రెండు, వాన్ డర్ పూల్ మూడు, వాన్ ఆర్ట్ నాలుగు. ఆ తర్వాత ఆడవాళ్ళు వచ్చారు. ఊడెనార్డెలో నలుగురి స్ప్రింట్‌లో లోట్టె కొపెక్కీ గెలిచిందని ఫోన్లో తెలియగానే చుట్టూ లేచిన కేకలకి, పొద్దున్నుంచి పడ్డ విసుగంతా పోయింది. ఈ రేసుని మూడుసార్లు గెలిచిన మొదటి మహిళ ఆవిడే.

కుర్చీ మడుస్తూ పెద్దాయన వాన్ ఆర్ట్ గడిలో చుక్క పెట్టి, పక్కన 4 రాశాడు. "కాళ్ళు వస్తున్నాయి, కాస్త ఆలస్యంగా" అన్నాడు.

ఆయన మాట నిజమే అయింది. మరుసటి ఆదివారం రూబేలో మళ్ళీ నాలుగు, నెదర్లాండ్స్‌లో ఆమ్స్టెల్ రేసులో మళ్ళీ నాలుగు, మే 18న జిరో ద ఇటాలియా రేసులో మట్టిరోడ్ల మీదుగా సియెనా చేరిన రోజు మెక్సికో రైడర్ ఇసాక్ దెల్ తోరోని దాటి గెలుపు. ఆ గెలుపు చూసి నేను ఇంట్లో గట్టిగా అరిచాను. పొగాచర్ కూడా ఇ3, గెంట్-వెవెల్గెమ్ రెండూ వదిలేశాడు కాబట్టి రేసులు తగ్గించుకోవడం తప్పని నేనిప్పుడు అనను. కానీ అతను సాన్ రెమో వదల్లేదు. అక్కడ చిప్రెస్సా, పొగ్గియో ఎక్కుడుల మీద వాన్ డర్ పూల్‌తో కొట్లాడాడు. నేను క్వారెమోంట్ మీద చూసిన ఆ ఒక్క క్షణం ఆలస్యం అలాంటి కొట్లాటలోనే పోతుంది. 2020లో సాన్ రెమో గెలిచిన వాన్ ఆర్ట్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. మార్చిలో అన్ని గళ్ళలో త్రిభుజాలు పెట్టినా, 22వ తారీఖు గడిలో మాత్రం చుక్క ఉండాల్సింది.