యముడు మెల్లగా ప్రత్యక్షమవ్వాలంటే చేత్తో లెక్కపెట్టాలి

మన కాకినాడలో మూకీ సినిమా తీశారండీ అంటే ఇప్పటికీ సగం మంది నమ్మరు. చిత్తజల్లు పుల్లయ్య గారు, అదే 1934 లవకుశ డైరెక్టరు, ఆయన మాటల సినిమాలు రాకముందే కాకినాడలో సొంత ఇంటినే స్టూడియో చేసేసుకుని మార్కండేయ తీశారు, యముడి వేషం కూడా ఆయనే కట్టారు. మద్రాసులో 1921లో భీష్మప్రతిజ్ఞ తీసిన రఘుపతి ప్రకాశ్ గారి శిష్యుడు లెండి, పనంతా అక్కడే పట్టేశారు.

నా బుర్ర తొలిచేసేది ఏంటంటే, ఆ కథలో యముడు రావాలి, పాశం వెయ్యాలి, పిల్లాడు లింగాన్ని వాటేసుకుంటే అందులోంచి శివుడు రావాలి. గ్రాఫిక్స్ లేవు సరే, కెమెరాకి మోటారు కూడా లేదు కదా, పక్కనున్న హ్యాండిల్ చేత్తో తిప్పాల్సిందే. అప్పట్లో ఇలాంటివి ఎలా తీసేవారో చదువుతూ కూర్చుంటే రాత్రి ఎంతయిందో కూడా చూసుకోలేదు.

టక్కున ప్రత్యక్షమవ్వడం ఈజీనే. అందరూ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోతారు, హ్యాండిల్ ఆపుతారు, యముడు వచ్చి నిలబడతాడు, మళ్ళీ తిప్పుతారు, అంతే. మెల్లగా రావాలంటేనే అసలు కష్టం. కెమెరామేన్ హ్యాండిల్ తిప్పుతూనే లోపలికొచ్చే వెలుతురు కొంచెం కొంచెంగా మూసేస్తాడు, ఎన్ని చుట్లకి పూర్తిగా మూసుకుందో మనసులో లెక్కెట్టుకుంటాడు, లెన్సుకి మూత పెట్టి సరిగ్గా అన్ని చుట్లూ ఫిల్మ్ వెనక్కి తిప్పుతాడు, ఇప్పుడు దేవుడొచ్చి నిలబడితే మళ్ళీ అదే లెక్కకి మెల్లగా తెరుస్తాడు. ఈ మధ్యలో లింగం కదలకూడదు, స్టాండు కదలకూడదు, ఎవడి కాలైనా తగిలిందా షాటు పోయినట్టే, పోయిందని కూడా డెవలప్ చేసి చూసేదాకా తెలీదు!

మరి ఆ తిప్పుడు మాటేంటి అంటారా. ఒక చుట్టుకి 8 ఫ్రేములు (ఫిల్ము మీద పడే ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము), సెకనుకి రెండు చుట్లు, అంటే 16 ఫ్రేములు. 35 ఎంఎం ఫిల్ము అడుగుకి 16 ఫ్రేములే కాబట్టి సెకనుకి అడుగు ఫిల్ము ఖర్చన్నమాట. స్పీడు తప్పకుండా కొందరు కూనిరాగం తీస్తూ తిప్పేవారట. భజనలో చిడతలు పట్టినోళ్ళకి ఈ ఉద్యోగం బాగా కుదిరేదని నా నమ్మకం. ఫైటు చురుగ్గా కనపడాలంటే కావాలని నెమ్మదిగా తిప్పేవాళ్ళు కూడా.

ఇంక రంగుల గొడవ ఉంది చూడండి. అప్పటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకి ఎరుపు కనపడదు. కుంకుమబొట్టు నల్లగా పడుతుంది, యముడి ఎర్ర పంచె నల్లగా పడుతుంది (ఆయనకైతే పర్లేదు), నీలం మాత్రం తెల్లగా పడుతుంది, అంచేత నీలం పూసుకున్న కృష్ణుడు కాస్తా తెల్లదొర అయిపోతాడు. స్టేజీ మీద మెరిసిపోయే ఎర్రెర్రని మేకప్పు వేసుకొచ్చి నిలబడితే మొహం మీద మసి రాసుకున్నట్టే. లాభం కూడా ఉందిలెండి, ఎరుపు కనపడదు కాబట్టి డార్క్‌రూమ్‌లో ఎర్రలైటు పెట్టుకుని బొమ్మ ఎంత తేలిందో కళ్ళతో చూస్తూ డెవలప్ చెయ్యొచ్చు.

లైటింగు అంటే ఎండే. సెట్టుకి పైకప్పు ఉండదు, ఎండ మరీ కొట్టకుండా పైన పల్చటి తెల్లగుడ్డ లాగుతారు, నీడ పడ్డవైపు తళతళలాడే అట్టలు పట్టుకుంటారు. ఎండకి మనకేం కొదవ, కానీ కడిగిన ఫిల్ముని పెద్ద చెక్క డ్రమ్ములకి చుట్టి ఆరబెట్టాలి, తడిగా ఉన్నప్పుడు దుమ్ము పడితే అతుక్కుపోతుంది. వానాకాలం మన డెల్టాలో పంచెలే ఆరి చావవు, ఇంక జెలటిన్ పూసిన ఫిల్ము ఏం ఆరుతుందండీ. పైగా అది నైట్రేటు ఫిల్ము, ఇట్టే మండే రకం, అంటుకుందంటే నీళ్ళలో ముంచినా ఆరదు.

ఇంత కష్టపడి తీసినవాటిని ఈ రీల్స్ చేసేవాళ్ళు ఓల్డ్ ఫిల్టర్ అని గీతలేసి, మనుషుల్ని బొమ్మల్లా గబగబా పరిగెత్తిస్తుంటే ఒళ్ళు మండుద్ది. వాళ్ళేం అలా నడవలేదు మహాప్రభో, సెకనుకి 16 ఫ్రేముల లెక్కన తీసినదాన్ని 24 ఫ్రేముల స్పీడుకి వేస్తే అలాగే గెంతుతారు మరి. దాదాసాహెబ్ ఫాల్కే గారి మూకీ సినిమా కాళీయమర్దన్ (1919) యూట్యూబులో ఉంది, కృష్ణుడిగా వేసింది ఆయన కూతురు మందాకినే. మీకు దొరికిన వీడియోలో జనం గెంతుతున్నట్టుంటే ప్లేబ్యాక్ స్పీడు 0.75 పెట్టండి, 18 ఫ్రేములకి దిగుతుంది, ఆ పిల్ల మామూలుగా నడుస్తుంది.